పెద్దసారు పార్టీ మారిన శుక్రవారం

జీవితంలో ఒక్కసారి కూడా పార్టీ మారని పెద్దమనిషి చేత, కుర్చీలోంచి లేవనివ్వకుండా, ముందున్న టీ చల్లారేలోగా మూడుసార్లు పార్టీ మార్పించిన ఘనత నాది. ఇందుకోసం నేను ఏ పార్టీ దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు. ఏ అధిష్ఠానమూ నన్ను పిలిచి భుజం తట్టలేదు. కేవలం నా సొంత లెక్కతో, రెండు శాలువాలతో సాధించాను. చదివి నవ్వుకోండి, అడ్డు చెప్పను. కాని ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోండి: కాగితం మీద నా లెక్క ఇప్పటికీ సరైనదే.

నేను చదివింది ఏడో తరగతి. లెక్కలు పట్టుబడింది మాత్రం బడిలో కాదు, బహ్రెయిన్‌లో, అస్కర్ దగ్గర షట్టరింగ్ పనిలో. ఊళ్లో దీన్నే సెంట్రింగ్ అంటారు. స్లాబు పోసేముందు కింద పలకలు పరుస్తారు. కాంక్రీటు గట్టిపడ్డాక వాటిని ఊడదీసి పై అంతస్తుకు ఎక్కిస్తారు. అంటే పది అంతస్తుల భవనానికి పది అంతస్తుల పలకలు అక్కర్లేదు. రెండింటికి సరిపడా ఉంటే, తిప్పుకుంటూ ఆకాశం దాకా పోవచ్చు. ఈ తిప్పుడు లెక్కను ఎవరూ చెప్పకుండా నేనే పట్టుకున్నాను. పట్టుకున్నవాడు పనిలో వాడుకుని ఊరుకోవాలి కదా, ఊరుకోలేదు. క్యాంపులో గ్లాసులు తిప్పాను, బకెట్లు తిప్పాను, ఒకే కొత్త చొక్కాను గదిలో అందరికీ తిప్పి ఇళ్లకు పండగ ఫొటోలు పంపించాను. తిప్పితే సరిపోని వస్తువు ప్రపంచంలో లేదని నా సిద్ధాంతం. అప్పటికి నాకు ఇంకా నలభై నిండలేదు. ఆ వయసులో సిద్ధాంతం జ్వరం లాంటిది. ఒళ్లు కాలుతున్నంతసేపూ మనం గొప్పగా మాట్లాడుతున్నామనే అనిపిస్తుంది.

ఇక పెద్దసారు. మా నియోజకవర్గం ఎమ్మెల్యేను అందరూ అలాగే పిలుస్తారు. మా వైపు ఎమ్మెల్యేలు పార్టీలు మార్చినంత తరచుగా మేము క్యాంపులో బనియన్లు కూడా మార్చం. ఈయన మాత్రం తన పార్టీ గెలిస్తే పొంగలేదు, ఓడితే గోడ దూకలేదు. జెండాకర్రలా పాతిన చోటే ఉండిపోయాడు. అందుకే ఎదుటి పార్టీవాళ్లు కూడా ఆయన కనిపిస్తే లేచి నిలబడేవారు. తమ సొంత నాయకుడు కనిపిస్తే మాత్రం, ఇవాళ ఏ పార్టీలో ఉన్నాడో కనుక్కుని నిలబడేవారు.

ఆ పెద్దసారు ఈసారి పోటీ చేయనని ప్రకటించాడు. పదవి ముగిసేలోగా గల్ఫులో ఉన్న తన జనాన్ని ఒకసారి చూసిపోదామని బహ్రెయిన్ వచ్చి, అరాద్‌లో బంధువుల ఇంట్లో దిగాడు. శుక్రవారం మహూజ్‌లో ఒక హాలు మాట్లాడి ఆయనకు ఘనంగా సన్మానం చేయాలని మావాళ్లంతా తీర్మానించారు. తీర్మానం దాకా అందరూ ఒక్కటే. ఆ మరుక్షణం రెండయ్యారు.

ఒకవైపు హన్మాండ్లు. పెద్దసారు పార్టీకి బహ్రెయిన్ శాఖ అధ్యక్షుడు, మిగతా సమయంలో ప్లంబరు. రెండోవైపు ఖాజా భాయ్. ఎదుటి పార్టీకి బహ్రెయిన్ శాఖ అధ్యక్షుడు, మిగతా సమయంలో వ్యాను డ్రైవరు. ఇద్దరిదీ ఒకే మండలం. హన్మాండ్లు రోజూ డ్యూటీకి పోయేది ఖాజా భాయ్ వ్యానులోనే. ముందు సీట్లో పక్కపక్కన కూర్చుని, దారి పొడవునా ఒకరి నాయకుణ్ణి ఒకరు తిట్టుకుంటూ పోతారు. వాళ్ల కండువాల రంగులు ఇక్కడ చెప్పను. చెబితే మీలో సగంమంది ఇక్కడే చదవడం మానేస్తారు.

ఏ పార్టీకీ చెందనివాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఏర్పాట్లు నా నెత్తిన పడ్డాయి. నేను వాటిని నెత్తిన పెట్టుకోవడానికి అసలు కారణం వేరు. దాని పేరు గంగారాం.

గంగారాం నా గది మనిషి. వాడి కంపెనీ రాత్రికి రాత్రి మూతపడింది. వీసా ఇచ్చి పూచీ పడ్డ యజమాని, అంటే కఫీల్, ఫోను మూగబోయింది. కాగితాల గడువు దాటిపోయింది. అటు పని లేదు, ఇటు ఊరికి పోవడానికి దారి లేదు. వాడు ఇక్కడికి వచ్చాక పుట్టిన కొడుకు అప్పటికే బడికి పోతున్నాడు. ఆ పిల్లాడికి నాన్న అంటే ఫోను. ఇంట్లో ఫోను చార్జింగుకు పెడితే "నాయిన పండుకున్నడు, లొల్లి చెయ్యకుండ్రి" అనేవాడట. ఈ మాట గంగారాం నవ్వుతూ చెప్పేవాడు. వినేవాళ్లు మాత్రం లేచి బయటికి పోయేవారు.

హైదరాబాదులో గల్ఫ్ కార్మికుల పనులు చూసే ఒక పెద్ద అధికారి ఉన్నాడు. ఆయన దగ్గర్నుంచి ఇక్కడి మన ఎంబసీకి గట్టిగా ఒక మాట వస్తే గంగారాంకు దారి తెరుచుకుంటుంది. సన్మానానికి ముందురోజు వాణ్ణి వెంటబెట్టుకుని అరాద్ వెళ్లాను. పెద్దసారు అంతా విని, మా ముందే ఆ అధికారికి ఫోను కలిపి స్పీకరులో పెట్టాడు.

"సార్ మీటింగులో ఉన్నారండీ," అన్నాడు అవతల ఎవరో.

"ఎప్పుడైపోతది?"

"చెప్పలేమండీ."

పెద్దసారు ఫోను కింద పెట్టి నవ్వాడు. "చూసినవా సత్తయ్యా. నేను ఎలక్షన్ల నిలబడ్డన్ని రోజులు ఒక్క రింగుకే ఎత్తేటోడు. నిలబడనన్న దినం సంది ఆయనకు ఒక్కటే మీటింగు. ఇంక అయిపోతలేదు."

"మీరంటే అందరికీ గౌరవమే గద సార్. ఎక్కడికి పోయినా చేతులెత్తి దండం పెడ్తరు."

"గదే కష్టం. రెండు చేతులు దండానికే పాయె. ఇగ ఫోను ఏ చేత్తోని ఎత్తుతరు?"

గంగారాం తలవంచుకున్నాడు. పెద్దసారు వాడి వైపు చూసి, గొంతు తగ్గించి నాతో అన్నాడు. "ఒక్క దారి ఉన్నది. రేపు సభల హన్మాండ్లు, ఖాజా ఇద్దరుంటరు. ఇద్దరు కలిసి, గంగారాం పని చెయ్యుండ్రి అని వాళ్ల వాళ్ల పెద్దోళ్లకు ఒక్కమాట మీద చెప్పాలె. ఒక్కడు చెప్తే రెండోడు అడ్డుపడ్తడు. వాళ్లిద్దర్ని కొట్లాడకుంట కూసోబెట్టుడు నీకు చాతనైతదా?"

"చాతనైతది సార్," అన్నాను. లెక్క మీద నమ్మకం ఉన్నవాడు ఏ ప్రశ్నకైనా అంతే తొందరగా జవాబిస్తాడు.

తిరుగు బస్సులో గంగారాం ఒక్కటే మాట అన్నాడు. "అన్నా, కొట్లాట గాకుంట చూడే."

కొట్లాట ఎక్కడ మొదలవుతుందో నాకు తెలుసు. శాలువాల దగ్గర. ఆ సాయంత్రమే ఖాజా భాయ్ వ్యానులో ముగ్గురం కూర్చున్నాం.

"మా దిక్కుకెల్లి ఇరవై శాలువాలు కప్పుతం," అన్నాడు హన్మాండ్లు. "సారు మా పార్టీ."

"అట్లనా. మావి ఇరవై ఒకటి అనుకో సత్తన్నా," అన్నాడు ఖాజా భాయ్.

"సారు మా పార్టీ అయితే నువ్వు ఒకటెక్కువ ఎట్ల కప్పుతవు?"

"ఇంటి మనిషికి ఇంటోళ్లే మర్యాద చేసుడేంది మియా? పక్కింటోళ్లు చేస్తేనే మర్యాద."

"అయితే మావి ముప్పై."

"మావాటికి జరీ అంచు."

"మీది జరీ అయితే మాది పట్టు."

"గన్ని శాలువాలు కప్పితే అది సన్మానం కాదు, స్లాబు," అని నేను అడ్డుపడ్డాను. "ఎవ్వరు ఏం తేవొద్దు. సభకు మొత్తం రెండే శాలువాలు. రెండూ మీగడ రంగు. మీ ఇద్దరి జెండాల్ల మీగడ రంగు లేదు గద?"

ఇద్దరూ కాసేపు తమ తమ జెండాలను తలుచుకుని, లేదని ఒప్పుకున్నారు.

"రెండింటితోని ఇంతమంది ఎట్ల కప్పుతరు?" అన్నాడు హన్మాండ్లు.

"తిప్పుతం. ఒకలు మాట్లాడి, శాలువా కప్పి, ఫొటో దిగి, దిగిపోతరు. ఇంకొకలు మాట్లాడుతుంటే సారు కుర్చీ ఎనుక నిలబడ్డ గంగారాం మెల్లగ శాలువా తీసి, పరద ఎనుకకెల్లి మెట్ల కాడికి తెస్తడు. నేను మడతపెట్టి తర్వాతోని చేతిల పెడ్త. అంతల రెండో శాలువా సారు మీద ఉంటది. ఖలాస్."

"ఛీ," అన్నాడు ఖాజా భాయ్. "కప్పిన శాలువనే మళ్ల కప్పుడా? సారుకు తెలిస్తే?"

"ఇచ్చిన మాటనే మళ్ల మళ్ల ఇస్తరు గద మీ నాయకులు. జనానికి తెలుస్తలేదా?"

దీనికి ఇద్దరూ ఒకేసారి తలలూపారు. ఈ ఒక్క విషయంలో రెండు పార్టీల విధానమూ ఒకటే.

నా జాగ్రత్త అక్కడితో ఆగలేదు. వేదిక మీద పార్టీ కండువాలు ఉండకూడదన్నాను. మన రాజకీయాల్లో కండువా బట్ట కాదు, మూడుముళ్లు. నాయకుడు మీ మెడలో పార్టీ కండువా వేసి ఫొటో దిగాడంటే మీరు ఆ పార్టీలో చేరిపోయినట్టే. కారణాలు, సిద్ధాంతాలు తీరిగ్గా తర్వాత వస్తాయి, లేదా రావు. అందుకని వేదిక ఎక్కే ప్రతివాడూ తన కండువా విప్పి, మెట్ల దగ్గర నా టేబులు మీద పెట్టి, ఉత్త భుజాలతో ఎక్కాలని నిబంధన పెట్టాను.

ఇంత ముందుచూపు గలవాడు తప్పెలా చేశాడని మీకు అనుమానం రావాలి. షట్టరింగులో ఒక మూలసూత్రం ఉంది. ఊడదీసిన పలకలు ఒకచోట పెట్టాలి, వేరే సామాను ఇంకోచోట పెట్టాలి. కొత్తగా వచ్చిన లేబరుకు మొదటిరోజు నేను చెప్పే పాఠం ఇదే. తిరిగొచ్చిన శాలువాలకూ, విప్పి పెట్టిన కండువాలకూ కలిపి నేను వేయించిన టేబులు మాత్రం ఒక్కటే.

శుక్రవారం నమాజులు, భోజనాలు అయ్యాక హాలు నిండిపోయింది. ఎడమవైపు హన్మాండ్లు మనుషులు, కుడివైపు ఖాజా భాయ్ మనుషులు, మధ్యలో నడవడానికి కొంత దారి. రెండు వైపుల నుంచీ రెండు ఫోన్లు సభను నేరుగా ఊరికి చూపిస్తున్నాయి. ఊళ్లో అప్పటికే పొద్దుగూకింది. పనుల నుంచి వచ్చినవాళ్లంతా ఫోన్లు పట్టుకుని మమ్మల్నే చూస్తున్నారట.

మొదట్లో నా లెక్క గడియారంలా నడిచింది. హన్మాండ్లు మనిషి ఒకడు, ఖాజా భాయ్ మనిషి ఒకడు, వంతులవారీగా ఎక్కారు. మాట, శాలువా, ఫొటో, దిగుడు. గంగారాం పరద వెనక నుంచి పిల్లిలా వచ్చి శాలువా ఇచ్చి, పిల్లిలా పోతున్నాడు. సగం సభ అయ్యేసరికి నాకు ఛాతీ ఉబ్బింది. ఇదే పద్ధతి దేశమంతా పెడితే శాలువా మిల్లులు మూతపడతాయి కదా, పాపం నేతపనివాళ్ల గతేమిటని కూడా ఆలోచించాను. అంత దూరం పోయింది నా గర్వం.

అప్పుడు పెద్దసారు మైకు అందుకున్నాడు. "బిడ్డా, మీకు క్యాంపు బస్సులు దొరకవు. తలా ఒక్క ముక్క చెప్పి కానియ్యుండ్రి."

ఉపన్యాసం పొడవే నా కాంక్రీటు గట్టిపడే గడువు. అది తగ్గితే పలకలు అందవు.

"సారు దేవుడు," అని ఒకడు దిగిపోయాడు.

"సారు మా తండ్రి," అని ఇంకొకడు దిగిపోయాడు.

"ముందటోళ్లు చెప్పిందే నాది," అని మూడోవాడు అసలు మైకే పట్టుకోలేదు.

గంగారాం పిల్లిలా రావడం మానేసి, కుక్క తరిమిన పిల్లిలా రాసాగాడు. ఎలాగో నెట్టుకొస్తుండగా ఖాజా భాయ్ వంతు వచ్చింది. కండువా విప్పి, మడతపెట్టి, నా టేబులు మీద ఉంచి పైకెక్కాడు. అధ్యక్షుడు కదా, ఒక్క ముక్కతో ఆపలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"అందరికీ సలాం. నేను పెద్దసారుకు ఒక్కసారి గూడ ఓటెయ్యలే," అని మొదలుపెట్టాడు. హాలంతా నవ్వింది. "మా తమ్ముడు గీడనే పనిల పానం ఇడిచిండు. పెట్టె ఇంటికి పంపాలె. మా పార్టీ ఎమ్మెల్యేకు ఫోన్ చేసిన. ఆయన ఏ పార్టీల ఉన్నడో ఆరోజు ఆయనకే ఎర్క లేదు. దిక్కుతోచక ఈ సారుకు చేసిన. హైదరాబాదు ఎయిర్‌పోర్టుల పెట్టె దిగేటాళ్లకు సారు ఆడ నిలబడి ఉన్నరు. మా అమ్మీ అడిగింది, నువ్వు ఈనకు ఓటేసినవారా అని. లేదమ్మీ అన్న. అప్పుడు సారు ఏమన్నరో తెలుసునా? ఓటేసినోడు నన్ను ఎట్లయినా తిట్టడు, ఎయ్యనోని ఇంటికే నేను ముందుగాల పోవాలె అన్నరు."

హన్మాండ్లు తల పక్కకు తిప్పుకున్నాడు. నా కళ్లలోనూ నీళ్లు. ఖాజా భాయ్ మాట ముగించి, మెట్ల వైపు రెండడుగులు వేసి, శాలువా కోసం నా వైపు చేతులు చాచాడు.

శాలువా రాలేదు. ఎందుకంటే పరద వెనక గంగారాం దానితోనే కళ్లు తుడుచుకుంటూ నిలబడిపోయాడు.

చప్పట్లు మొదలయ్యాయి. ఖాజా భాయ్ చేతులు అలాగే చాచి ఉన్నాయి. ఫోన్లు చూపిస్తూనే ఉన్నాయి. నేను కన్నీళ్ల మసకలో టేబులు మీద తడిమాను. మడతపెట్టిన మెత్తటి బట్ట తగిలింది. తీసి చేతుల్లో పెట్టాను.

మీరు ఎప్పుడైనా గమనించారో లేదో, శాలువా కప్పేవాడు శాలువాను చూడడు, కెమెరాను చూస్తాడు. ఖాజా భాయ్ కెమెరాను చూస్తూ, చిరునవ్వు నవ్వుతూ, తన పార్టీ కండువాను పెద్దసారు భుజాల చుట్టూ నిండుగా కప్పి, రెండు కొసలూ ముందుకు లాగి, గుర్తు బాగా కనబడేలా సర్దాడు.

ముందు కుడివైపు సగం హాలు లేచి ఈల వేసింది. తర్వాత ఎడమవైపు సగం హాలు లేచింది. ఈలకు కాదు.

"గిదేంది ఖాజా," అన్నాడు హన్మాండ్లు. "దొంగతనంగ చేర్చుకుంటవా మా సారును?"

"అరే, నేను శాలువా కప్పిన భాయ్," అని కిందికి చూసుకున్నాడు ఖాజా భాయ్. చూసి, అతని ముఖం కూడా మీగడ రంగుకు తిరిగింది. "సత్తన్నా, నువ్వు నాకు ఏమిచ్చినవు?"

ఇక్కడ ఏ బుద్ధిమంతుడైనా మైకు పట్టుకుని "పొరపాటైంది" అంటాడు. నేను లెక్క వేశాను. ఒక కండువా ఎక్కువ పడింది కాబట్టి దానికి ఎదురు కండువా ఒకటి వేస్తే రెండూ కొట్టుకుపోయి సున్నా మిగులుతుంది. తర్వాతి వంతు తనదే కాబట్టి హన్మాండ్లు అప్పటికే విప్పి పెట్టిన కండువాను టేబులు మీంచి తీసి, అతని చేతిలో పెట్టి పైకి తోశాను. "యల్లా, నడువు, నువ్వు గూడ కప్పు. సమానమైతది."

హన్మాండ్లు ఒక్క దూకులో ఎక్కి తన పార్టీ కండువాను పెద్దసారు మెడలో వేశాడు.

కుడివైపు నుంచి ఒకడు తాపీగా అన్నాడు. "ఏం హన్మాండ్లన్నా, మీ పార్టీల ఉన్నోనికి మళ్ల కండువా ఎందుకు ఏస్తున్నవు? పోయిండు కాబట్టే గద తిరిగి చేర్చుకుంటున్నవు?"

ప్లస్సుకు మైనస్ కలిపితే సున్నా అవుతుంది గాని, చేరికకు చేరిక కలిపితే రెండు చేరికలు అవుతాయని బహ్రెయిన్‌లో ఆ శుక్రవారం నేర్చుకున్నాను.

పరద సందులోంచి గంగారాం బెదురుగా నన్ను చూస్తున్నాడు. వాడికి రెండు చేతులతో సైగ చేశాను. రెండూ తీసెయ్యి అని నా భావం. పైదాన్ని తియ్యడం వాడి డ్యూటీ. సభ మొదలైనప్పట్నుంచీ చేస్తున్న పనే కాబట్టి, వాడు పైనున్న హన్మాండ్లు కండువాను నేర్పుగా లాగి పరద వెనక్కి మాయమయ్యాడు. పెద్దసారు మెడలో మళ్లీ ఖాజా భాయ్ కండువా మిగిలింది. ఇది మూడోసారి.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. కండువా కప్పనేల, ఖండన ఇవ్వనేల అని నేను చేర్చుకున్నాను. హాలులో కుర్చీలు పైకి లేస్తున్నాయి. కొట్లాట కాకుండా చూడమన్న గంగారాం పరద వెనకే చతికిలబడి, కండువా ఒళ్లో పెట్టుకుని, "అయిపాయె, ఇగ నా పని అయిపాయె," అంటున్నాడు. అంతలో నా ఫోను మోగింది. ఊరి నుంచి నా భార్య.

"ఏందయ్యా, పెద్దసారును పార్టీ మార్పించినవట. నీకేం పదవిస్తరట?"

పెట్టేశాను. పెట్టేసరికి పెద్దసారు జేబులో ఫోను మోగడం వినిపించింది. ఆయన అప్పటిదాకా ఏ పార్టీ కండువా ఉంటే ఆ కండువాతో, చల్లారుతున్న టీని చూస్తూ కూర్చున్నాడు. ఫోను తీసి చూసి, చెయ్యెత్తాడు. పైకి లేచిన కుర్చీలు కిందికి దిగాయి. అటువంటి చెయ్యి అది. స్పీకరులో పెట్టాడు.

"సార్, నమస్తే సార్," అంది ఫోను. ఎవరో కాదు, హైదరాబాదు అధికారి. "నిన్న మీ కాల్ వచ్చిందట. మీటింగులో ఉండిపోయాను సార్."

"అయిపోయిందా మీటింగు?"

"మీకోసం మధ్యలో లేచి వచ్చాను సార్. మీ సభను ఇప్పుడే ఫోనులో చూశాను. అయితే మీరు మళ్లీ పోటీ చేస్తున్నారన్నమాట. ఏ పార్టీ నుంచైనా మీ గెలుపు ఖాయం సార్."

పెద్దసారు తన మెడలోని కండువాను చూసుకున్నాడు. తర్వాత పరద వైపు చూశాడు. ఆయన పెదవి చివర ఏదో కదిలింది.

"నా సంగతి రేపు మాట్లాడుకుందాం. ముందుగాల మా గంగారాం సంగతి చూడు. వివరాలు మావోళ్లు పంపుతరు."

"ఇప్పుడే ఎంబసీతో మాట్లాడతాను సార్."

ఫోను పెట్టి ఆయన ఇద్దరు అధ్యక్షులనూ దగ్గరికి పిలిచాడు. "నేను చెప్పేదాక ఇద్దరు నోరు మెదపొద్దు. చేరిన అనొద్దు, చేరలే అనొద్దు. ఎవరన్న అడిగితే, సారు ఆలోచన చేస్తున్నరు అనుండ్రి."

"అబద్ధం గద సార్," అన్నాడు హన్మాండ్లు.

"ఆలోచన చేస్తనే ఉన్న బిడ్డా. గంగారాం గురించి."

అంతలో హన్మాండ్లు ఫోను మోగింది. అతని పార్టీ జిల్లా నాయకుడు. "ఏమయ్యా, సారుకు కోపమెందుకు వచ్చింది? ఏం చేస్తే ఉంటడు?"

హన్మాండ్లు పెద్దసారును చూశాడు. పెద్దసారు పరద వైపు చూశాడు. "గంగారాం అనేటోణ్ణి ఇంటికి పంపాలట అన్నా," అన్నాడు హన్మాండ్లు.

ఇటు ఖాజా భాయ్ ఫోను. అతని పార్టీ పెద్ద ఒకాయన సంతోషంతో అరుస్తున్నాడు. "శభాష్ ఖాజా. సారుకు ఏం గావాలెనో అడుగు, ఇచ్చేద్దాం."

"గంగారాంకు టికెట్టు గావాలట సాబ్."

"గంగారాం ఎవరు, సారు అల్లుడా? ఎక్కడి టికెట్టు?"

"బహ్రెయిన్ నుంచి హైదరాబాదు, సాబ్. విమానానిది."

"విమానానిదేనా?" అని ఆయన రెండుసార్లు అడిగాడు. ఇంత చవకగా ఎమ్మెల్యే దొరకడం ఆయన అనుభవంలో లేనట్టుంది. ఒప్పుకున్నాడు. ఎదుటివాళ్లు కూడా అదే పని మీద ఉన్నారని తెలిశాక మరీ గట్టిగా ఒప్పుకున్నాడు. రెండు పార్టీలనూ ఒక్క మాట మీదికి తేవాలన్నది కదా నాకు అప్పగించిన పని. కాగల కార్యం గంధర్వులు తీర్చారంటారు, ఇక్కడ కండువాలు తీర్చాయి. కింద టేబులు పట్టుకుని నిలబడ్డ నాకు ఇందులో ఏ భాగమూ లేదు.

ఆ వారం గడవకముందే గంగారాం కాగితాలు కదిలాయి. ఎయిర్‌పోర్టుకు ఖాజా భాయ్ వ్యానులోనే తీసుకుపోయాం. ముందు సీట్లో హన్మాండ్లు, ఖాజా భాయ్ ఎవరి పార్టీ వల్ల పనయ్యిందని దారంతా కొట్లాడుకుంటూనే ఉన్నారు. గంగారాం మాత్రం నా చెవి దగ్గరికి వచ్చి అడిగాడు. "అన్నా, నేను ఎదురుంగ నిలబడితే పోరడు గుర్తుపడ్తడా?"

"పట్టకుంటే పక్కగదిల నుంచి ఒక్కసారి ఫోన్ చెయ్యి," అన్నాను. వాడు పోయేదాకా నవ్వాడు. ఈసారి మేము కూడా బయటికి పోకుండా నవ్వాం.

గంగారాం విమానం దిగాడని తెలిసిన పూటే పెద్దసారు అరాద్ నుంచి ప్రకటన ఇచ్చాడు. "నేను ఏ పార్టీలోనూ చేరలేదు, ఏ పార్టీనీ వీడలేదు. మహూజ్ హాలులో ఏసీ ఎక్కువైంది. చలికి ఎవరేది ఇస్తే అది కప్పుకున్నాను. ఇకముందు పోటీ చేయను." మరునాడు ఆయన ఆ అధికారికి కృతజ్ఞతలు చెబుదామని ఫోను చేస్తే, సార్ మీటింగులో ఉన్నారని చెప్పారట.

పోతూ పోతూ నన్ను పిలిచి అడిగాడు. "సత్తయ్యా, గంతమంది శాలువాలు కప్పిన్రు గద. ఇంటికి పోతే మా ఆమెకు చూపెడదామంటే పెట్టెల ఒక్కటి గూడ లేదేందిరా?"

నేను పలకల లెక్క మొత్తం చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "అయితే నేను స్లాబునన్నమాట," అని విమానం ఎక్కాడు.

కథ ఇక్కడ ఆగితే నా పరువు కొంతైనా మిగిలేది. కిందటి నెలలో నాకు ఊరి వైపు నుంచి ఒక ఫోను వచ్చింది. గొంతులో మర్యాద కారిపోతోంది.

"సత్తయ్యగారేనా? నేను ఎమ్మెల్యేను మాట్లాడుతున్న. ఏ నియోజకవర్గమన్నది తర్వాత చెప్త. ఈసారి మా పార్టీ నన్ను నిలబెట్టేటట్టు లేదు. నా ఫోను ఎవ్వడెత్తుతలేడు. మీ బహ్రెయిన్ల నాకు గూడ ఒక సన్మానం పెట్టిస్తరా? శాలువాల ఖర్చు మీకు వద్దు. అన్ని పార్టీల కండువాలు నేనే తెచ్చుకుంట."

అందుకే ఈ చదివేవాళ్లందరి సాక్షిగా, నా ఏడో తరగతి మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇక ఈ జన్మలో ఏ నాయకుడి భుజం మీదా ఏ బట్టా కప్పను, ఎవరి చేతా కప్పించను. ఎవరైనా చలికి వణుకుతూ ఎదురుపడితే ముందు ఏ పార్టీయో అడుగుతాను, ఆ తర్వాత దుప్పటి ఎక్కడ అమ్ముతారో చూపించి పక్కకు తప్పుకుంటాను. నా దుప్పటి మాత్రం నేనే కప్పుకుంటాను. అది కూడా తలుపు గడియ పెట్టి, గదిలో ఫోన్లన్నీ బోర్లించాకే.